అరువు ధ్యాస

అర్ధ సంవత్సరం పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు వైదేహి కొడుకు మార్కులకంటే ముందు తోటికోడలి కూతురి మార్కులు చూసింది. చూసి, ఫోన్ బోర్లా పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పప్పులో ఉప్పు వేశానా లేదా అని ఒక్క క్షణం ఆలోచించి, గుర్తు రాక, మళ్లీ వేసింది. ఆ పూట పప్పు ఎవరూ తినలేకపోయారు.

వాళ్లది రాజమండ్రిలో రెండంతస్తుల ఇల్లు. కింద వైదేహి, ఆమె భర్త ఉమాపతి, కొడుకు శ్రీవత్స. పైన మరిది కుటుంబం. మరిది లారీల మీద తిరిగే మనిషి కాబట్టి పైన ఎప్పుడూ ఉండేది తోటికోడలు సుభాషిణి, ఆమె కూతురు చిన్మయి. పిల్లలిద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరూ ఆ ఏడు పదో తరగతి రాయాలి.

శ్రీవత్స పేరున్న బడిలో చదివేవాడు. తెల్లారేసరికి బస్సు వచ్చి ఎక్కించుకుని, దీపాలు పెట్టాక తెచ్చి దింపేది. చిన్మయి బడికే వెళ్లదు. ఆ పిల్లకి చప్పుడు పడదు. చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు బడిగంట కొడితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరి, సాయంత్రం దాకా బయటికి వచ్చేది కాదు. ఒక బడి తర్వాత ఒక బడి మావల్ల కాదమ్మా అనేసరికి సుభాషిణి ఇంటిబడి కింద కూతురి పేరు రాయించి తనే చదివించుకుంటోంది. చదువు ఎక్కడ చదివినా పరీక్ష మాత్రం అందరికీ ఒకటే అని ప్రభుత్వం నియమం పెట్టింది. అంతకుముందు ఏడు దాకా ఇంటిబడి పిల్లలు గట్టెక్కితే అదే గొప్ప. వాళ్లను చూసి ఎవరూ ఈర్ష్య పడలేదు, జాలి పడేవారు. జాలి పడటంలో ఉన్న సుఖం మనకు తెలియనిది కాదు.

ఈ ఏడు అర్ధ సంవత్సరం పరీక్షల్లో జిల్లాలో పైవరసంతా ఇంటిబడి పిల్లలదే అయింది. చిన్మయి ఆ వరసలో ఉంది. శ్రీవత్స ఎక్కడున్నాడో వెతకాల్సి వచ్చింది.

కారణం ఊరంతా తెలుసు. ధ్యాస పట్టీలు.

కరివేపాకు వంక పెట్టుకుని వైదేహి మర్నాడు పైకి వెళ్లింది. సుభాషిణి పుట్టిల్లు ఆత్రేయపురం వైపు. ఆమె వంటింట్లో కూర్చుని పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, ఊపిరి తగిలినా చిరిగిపోయే తెల్లటి రేకు పైకి లేస్తోంది. ఆమె నుదుటి చుట్టూ నల్లటి పట్టీ ఉంది. లోపలి గదిలో చిన్మయి తలకు అలాంటిదే ఇంకొకటి. తల్లి మనసు ఆ రేకు మీద ఎంత నిలుస్తుంటే పిల్ల మనసు లెక్క మీద అంత నిలుస్తోంది. వైదేహి వచ్చిందని తల్లీ చూడలేదు, పిల్లా చూడలేదు.

గంటయ్యాక పట్టీ తనంతట తానే ఆగిపోయింది. సుభాషిణి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. కుండ కింద మంట అలాగే ఉంది. వైదేహే ఆర్పింది. కరివేపాకు అడిగితే మొదటిసారి వినపడలేదు. రెండోసారి "ఆఁ" అంది. ఆమె మణికట్టు మీద ఒకదాని పక్కన ఒకటి కాలిన మచ్చలు కనిపించాయి.

"ఇచ్చేసేక కాసేపు ఇలాగే ఉంటాదక్కా" అంది సుభాషిణి చాలాసేపటికి. "చేతిలో ఉన్నదేంటో చేతికే తెలీదు. మొన్న గేసు తిప్పి వెలిగించడం మర్చిపోయేను."

వైదేహికి ఆ మచ్చలు కనిపించాయి కానీ కళ్లల్లో నిలవలేదు. లోపల తలెత్తకుండా రాసుకుపోతున్న పిల్లే నిలిచింది. అన్నయ్య ఏ పాఠంలో ఉన్నాడని చిన్మయి అడిగితే, నీకెందుకమ్మా అనబోయి, అన్నీ అయిపోయాయని అబద్ధం చెప్పి దిగి వచ్చింది.

పట్టీలు బడి లేని పిల్లలకే ఇస్తారు. బడి ఉన్నవాళ్లకు పంతుళ్లున్నారు కదా అని నియమం. వైదేహి రెండు రోజులు ఆలోచించి, కొడుకును బడి మాన్పిస్తానంది.

ఉమాపతి అన్నం ముందు కూర్చుని చెయ్యి ఆపేశాడు. "పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని బళ్లో ఉన్న పిల్లాణ్ని మాన్పిస్తారేంటే ఎవరన్నా? ఆ పిల్లకైతే గతిలేక ఇంట్లో చదివిస్తన్నారు."

"గతిలేనోళ్లకి ఫస్టొచ్చింది. గతున్నోళ్లం మనం చూస్తా కూచున్నాం" అంది వైదేహి.

శ్రీవత్సకు బడి వదలడం ఇష్టం లేదు. స్నేహితులున్నారు, బస్సులో కిటికీ పక్క సీటుంది, ఆటల జట్టులో పేరుంది. చిన్మయికి ఫస్టు వస్తే మంచిదేగా అని కూడా అన్నాడు. ఆ మాట తల్లికి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. నిజానికి చిన్మయికి ఇంట్లో ఎవరైనా స్నేహితుడు ఉన్నాడంటే వాడే. తలుపులు చప్పుడు కాకుండా వెయ్యడం వాడే ముందు నేర్చుకున్నాడు. స్టీలు గ్లాసుల కింద గుడ్డ పరిచేవాడు. దీపావళికి టపాకాయలు మానేసి లోపలి గదిలో ఆ పిల్ల చెవుల మీద తన అరచేతులు పెట్టి కూర్చునేవాడు. అలాంటి పిల్లవాడు తల్లి మాట కాదనలేక పేరు తీయించుకుని వచ్చాడు.

ఆ పట్టీలు ఇచ్చే ప్రయోగశాల గోదావరి గట్టు దగ్గర ఒకప్పటి పొగాకు గోదాములో ఉండేది. దాన్ని నడిపే డాక్టర్ నిలోఫర్ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బడులు గెంటేసిన పిల్లలకోసమే ఆమె పదేళ్లు కష్టపడి ఆ పట్టీ తయారుచేసింది. బడి మాన్పించి తీసుకొస్తున్న తల్లిదండ్రులను చూస్తే ఆమె మొహం వాడిపోయేది. కానీ కాగితాల ప్రకారం వాళ్లూ బడి లేని పిల్లలే.

"మీ మనసు ఏ పనిలో పూర్తిగా మునుగుతుందో ఆ పని చేస్తూ పెట్టుకోండమ్మా" అని చెప్పింది. ఒకాయన గడియారాలు బాగుచేస్తూ ఇస్తాడట, ఒక మామ్మగారు వత్తులు చేస్తూ మనవడికి ఇస్తుందట. "పని ఏదైనా ఒకటే. కరెంటు నీళ్ల నుంచి వచ్చినా బొగ్గు నుంచి వచ్చినా దీపానికి తేడా తెలీదు కదా. ధ్యాసా అంతే."

"నా మనసు మునిగేది పూజలోనేనండి" అంది వైదేహి.

అక్కడే కళ్లు మూసుకుని నామాలు మొదలుపెట్టింది. ఎదురుగా తెర మీద గీత ఒకటి లేచి, కాసేపు వణికి, ఆ తర్వాత తీగ లాగినట్టు నిలిచిపోయింది. నిలోఫర్ కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది. తల్లుల గీతలు ఎప్పుడూ కాస్త వణుకుతాయనీ, ఇంత బలంగా, ఇంత నిలకడగా ఉన్న గీత ఇంతవరకూ చూడలేదనీ చెప్పింది. సుభాషిణిది వణికిందా అని వైదేహి అడిగింది. నిలోఫర్ అది చెప్పకూడదంది. చెప్పకపోయినా వైదేహికి జవాబు దొరికినట్టే అయింది. ఇన్నేళ్ల పూజ ఊరికే పోలేదనుకుంటూ ఇంటికి వచ్చింది.

ఆ రోజు నుంచి సాయంత్రం పూజ వేళ పట్టీ పెట్టుకునేది. పక్క గదిలో శ్రీవత్స రెండో పట్టీ పెట్టుకుని పుస్తకం ముందు కూర్చునేవాడు. వైదేహి కుంకుమ చిటికెడు చిటికెడు తీసి అమ్మవారి పాదాల దగ్గర వేస్తూ వెయ్యి నామాలూ ఒక్కటి తప్పకుండా చదివేది. నాలుకకు ఆ దారి కొట్టినపిండి, కళ్లు మూసుకున్నా తప్పదు. నాలుక అలా నడుస్తుంటే చెవులు పైకప్పు మీద ఉండేవి. పైన కుర్చీ జరిగిందంటే పిల్ల ఒక పుస్తకం ముగించి ఇంకొకటి తీసిందన్నమాట. ఏ చప్పుడూ లేదంటే చదువుతోందన్నమాట. ఆ చప్పుడు లేకపోవడమే వైదేహికి అన్నిటికంటే పెద్ద చప్పుడు. చెవులు మూసుకునే పిల్లకి అన్ని మార్కులా అని లోపల ఒక మాట తిరుగుతూనే ఉండేది. ఆ మాట తిరుగుతోందని ఆమెకు తెలియదు. తను పూజలో ఉన్నాననే అనుకునేది. పీట మీద కూర్చున్నంత మాత్రాన మనసు కూడా పీట మీదే కూర్చుందని మనలో ఎవరం చెప్పగలం?

పట్టీ తీసేశాక మాత్రం ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉండేది. గుండెల మీద నుంచి ఎవరో రాయి దించినట్టు. ఇంతకాలానికి అమ్మవారు దయ చూపిందని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తేలికదనంలో పైకి వెళ్లి సుభాషిణి మణికట్టుకు వెన్న రాసేది, చిన్మయి జడ వేసేది.

"నువ్వీ మధ్య ఎంత బాగా మాట్లాడతన్నావక్కా" అంది సుభాషిణి ఒకరోజు. "పెళ్లై వచ్చినప్పటి నించీ నేను చూడలేదు ఇలాగ."

కింద శ్రీవత్స రాయిలా కదలకుండా కూర్చునేవాడు. అది చూసి వైదేహి పొంగిపోయేది. కానీ వాడు పుస్తకంలో పేజీ తిప్పడం తగ్గిపోయిందని ఉమాపతి గమనించాడు. భోజనాల దగ్గర వాడు మాట్లాడేదంతా చిన్మయి గురించే. అది ఏ పాఠంలో ఉంది, ఎన్నిసార్లు చదివింది, ప్రయోగశాల వాళ్లు పెట్టిన పరీక్షలో ఎంత వచ్చింది. తన మార్కులు అడిగితే తడుముకునేవాడు, దాని మార్కులు ఠకీమని చెప్పేవాడు. పైకి వెళ్లడం మానేశాడు. తలుపులు విసిరి వెయ్యడం మొదలుపెట్టాడు. పోటీ పెరిగిందండీ, అదీ మంచిదేలెండి అంది వైదేహి భర్తతో. ఆ మాట అనేటప్పుడు కూడా ఆమె మనసు హాయిగానే ఉంది.

పదో తరగతి పరీక్షల్లో మొదటిది గడిచింది. రెండోది లెక్కలు.

ఇంటిబడి పిల్లలకు ఊరి చివర బడిలో వెనకవైపు గది ఇచ్చారు. పక్కన రోడ్డు లేదు. చిన్మయి చెవుల్లో దూది పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఇంటి పేర్ల వరస కాబట్టి శ్రీవత్స సరిగ్గా ఆ పిల్ల వెనక బల్ల. తర్వాత పర్యవేక్షకురాలు చెప్పింది, ఆ అబ్బాయి ప్రశ్నపత్రం తిప్పనే లేదట. ముందు బల్ల మీద కదిలే చెయ్యినే చూస్తూ కూర్చున్నాడట. చాలాసేపటికి రెండు చేతులూ ఎత్తి బల్ల మీద బాదాడు. ఆగి, మళ్లీ బాదాడు. ఆపడానికి పెద్దవాళ్లిద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

చిన్మయి బల్ల కిందికి వెళ్లిపోయింది. పరీక్ష ముగిసి గది ఖాళీ అయినా బయటికి రాలేదు. సుభాషిణి వెళ్లి నేల మీద పడుకుని, కూతురి వైపు చెయ్యి చాపి, సాయంత్రం దాకా అలాగే ఉండి తీసుకొచ్చింది. ఆ పిల్ల లెక్కల కాగితం సగం, శ్రీవత్సది మొత్తం తెల్లగానే మిగిలాయి. ఇకమీద పరీక్ష గదిలోకి అడుగుపెట్టనని చెప్పింది. పదో తరగతి పోతే ఆ పిల్లను ఇంకే కాలేజీ తీసుకుంటుంది? సుభాషిణి చేతులు కాల్చుకున్నదంతా దేనికి?

పిల్లను పడుకోబెట్టాక సుభాషిణి కిందికి వచ్చింది. అరుస్తుందని వైదేహి సిద్ధపడి నిలబడింది. ఆమె అరవలేదు. గోడ వారన కూర్చున్న శ్రీవత్స ముందు కూర్చుని, "ఎందుకురా నాన్నా?" అని మాత్రం అడిగింది.

"నా పెన్ను చప్పుడు నాకు వినపట్లేదు పిన్నీ. దాని పెన్నే వినిపిస్తంది. అది ఆగితే గానీ నేను రాయలేననిపించింది." వాడు మోకాళ్లలో మొహం పెట్టుకున్నాడు. "లోపల ఎవరో అంటా ఉంటారు. చెవులు మూసుకునే పిల్లకి అన్ని మార్కులా అని. నేను కాదు పిన్నీ. నేనెప్పుడూ అలాగ అనుకోలేదు."

ఆ మాట వైదేహి ఇంతవరకూ పైకి ఎవరితోనూ అనలేదు. భర్తతో కూడా అనలేదు. అది తన మాటేనని, తన గొంతులోంచి వచ్చిందేనని, కొడుకు నోట విన్నాక గాని ఆమె గుర్తుపట్టలేదు.

మర్నాడు ఆమె ఒక్కతే ప్రయోగశాలకు వెళ్లి ఆ మాట నిలోఫర్‌కు చెప్పింది. నిలోఫర్ పాత గీత తెర మీదికి తెచ్చి చాలాసేపు చూసింది.

"పూజలో మీ మనసు ఎక్కడ ఉండేదమ్మా?"

అమ్మవారి మీద అనబోయింది వైదేహి. ఆ జవాబు నోటి దాకా వచ్చి ఆగింది. "పైన" అంది.

నిలోఫర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తప్పు తనదేనంది. చిన్మయి ఎప్పుడో చెప్పిందట, పట్టీ పెట్టుకుంటే అమ్మ రేకు తీస్తున్నట్టు లోపలంతా తెల్లగా, నెమ్మదిగా ఉంటుందని. పిల్లల ఊహలే అనుకుని నవ్వి ఊరుకుందట. ధ్యాస కరెంటు కాదు. ఎక్కడి నుంచి వస్తే అక్కడి మట్టి తెచ్చుకునే ఏటినీరు.

"ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చా?" అడిగింది వైదేహి.

"ఇంతవరకు ఎవరూ అడగలేదు. పట్టీలు మార్చుకుంటే సరిపోతుంది. అబ్బాయిది మీకు, మీది అబ్బాయికి. కానీ అది మీ దగ్గరికి వస్తుందమ్మా, కరిగిపోదు. ఈ మధ్య తేలిగ్గా ఉందన్నారు చూడండి, అది ఇంక ఉండదు."

వైదేహి ఆ సాయంత్రం పూజగదిలో చాలాసేపు ఊరికే కూర్చుంది. నామాలు చదవలేదు. అమ్మవారు ఇచ్చిన శాంతి అనుకుని తను కళ్లకద్దుకున్నది పక్క గదిలో కొడుకు మోసిన బరువు. అది తెలిసి కూడా ఆ శాంతిని వదులుకోవడానికి ఒక్క క్షణం మనసొప్పలేదు. పెళ్లైన నాటి నుంచి అంత హాయిగా ఆమె ఎన్నడూ లేదు. అమ్మవారు ఏమీ అనలేదు. అలాంటి సమయాల్లో ఆవిడ ఏమీ అనకపోవడమే ఆవిడ చెప్పే మాటేమో, నాకు తెలియదు.

కొడుకును పిలిచి పట్టీలు మార్చింది.

ఒక్కరోజులో అయ్యే పని కాదు. రోజూ కొంత కొంత వచ్చింది. వచ్చినదాన్ని ఆమె ప్రతిసారీ గుర్తుపట్టింది. పైన కుర్చీ చప్పుడు, పైన నిశ్శబ్దం, చిన్మయి జడ, సుభాషిణి మాట్లాడే పద్ధతి, మరిది ఊరి నుంచి తెచ్చిన చీర, ఇంకా ఎప్పటివో, మర్చిపోయాననుకున్నవి. పైకి వెళ్లడం మానేసింది. నోరు జారుతుందని భయం. సుభాషిణి ఎదురుపడితే పలకరింపుగా తలాడించి లోపలికి వచ్చేసేది. రాత్రి అన్నం సయించేది కాదు. అక్క మళ్లీ మారిపోయిందని సుభాషిణి భర్తతో అంటుంటే మెట్ల మీద వినపడింది. ఆమె ఏమీ విప్పి చెప్పుకోలేదు.

శ్రీవత్స మాత్రం కోలుకున్నాడు. ముందు ఆకలి తెలిసింది. తర్వాత పేజీ తిప్పడం. ఒకరోజు చెప్పులు కింద విప్పి, పిల్లిలా మెట్లెక్కి, చిన్మయి గది గుమ్మంలో నిలబడి తప్పయిందన్నాడు.

చిన్మయి వాణ్ని తేరిపార చూసింది. "నువ్వు చప్పుడు చేసేవు" అంది. "మళ్లీ చెయ్యకు." అని పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ పిల్ల దగ్గర కోపానికి అంతకంటే పెద్ద లెక్క లేదు. సప్లిమెంటరీకి లెక్కలూ మిగిలిన పరీక్షలూ రాస్తానని, వెనక బల్ల మీద అన్నయ్యే ఉండాలని, ఆ గది తెలిసిపోయింది కాబట్టి అక్కడే రాస్తానని తనే చెప్పింది.

నిలోఫర్ పట్టీలన్నీ వెనక్కి ఇచ్చెయ్యమంది. మీ పిల్లలకు లోపల ఏం వినపడుతోందో ముందు అడగండని ఇంటింటికీ కబురు పెట్టింది. కొందరు అడిగి, విని, అదే రోజు తెచ్చి ఇచ్చేశారు. మార్కులు వస్తున్నాయి కదా, అడగడం దేనికని ఇంకొందరు తలుపులు వేసుకున్నారు.

పిల్లలిద్దరూ పట్టీలు లేకుండా, ఎవరి మనసుతో వాళ్లు, ఒకే చాప మీద చదివారు. చిన్మయి మనసు కూడా మామూలు పిల్లల మనసులాగే అప్పుడప్పుడూ కిటికీలోంచి బయటికి పోయేది. పోతే పోయిందని సుభాషిణి ఊరుకుంది.

సప్లిమెంటరీ ఫలితాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. శ్రీవత్స వంటింట్లోకి వచ్చి రెండూ చదివి వినిపించాడు. వాడు పాసయ్యాడు, అంతే. చిన్మయికి వాడికంటే ఎంతో ఎక్కువ వచ్చాయి. పట్టీ లేకుండా కూడా వచ్చాయి. పైనుంచి సుభాషిణి నవ్వు చిన్నగా వినపడింది. ఆ ఇంట్లో నవ్వు కూడా చిన్నగానే నవ్వాలి.

వైదేహి కూర తరగడం ఆపలేదు. శ్రీవత్స తల్లి మొహం చూస్తూ నిలబడ్డాడు.

"కుళ్లుగా ఉందా అమ్మా?"

లేదనడం ఎంతసేపు? చిన్నప్పటి నుంచి ఆమె అందరితోనూ, దేవుడితో కూడా, అదే అంటూ వచ్చింది.

"ఉందిరా" అంది.

"ఎంత?"

"ఎంతో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

వాడు నవ్వలేదు. తెలిసినవాడిలా తలాడించి, ఆమె ముందున్న కత్తిపీట పక్కకు జరిపి, పైకి వెళ్దాం రమ్మన్నాడు. సంతోషమని పిన్నికి అందరికంటే ముందు మనమే చెప్పాలన్నాడు.

"నువ్వు పద. నేనిది కింద విడిచిపెట్టి వస్తాను."

"పోతాదా?"

"పోదు. చెప్పులు విప్పినట్టు మెట్ల కింద విప్పి రావడమే."

వాడు ఒక మెట్టెక్కి ఆగి వెనక్కి తిరిగాడు. "దిగొచ్చేటప్పుడు మళ్లీ వేసుకుంటావా?"

"వేసుకుంటాను" అంది వైదేహి చేతులు కడుక్కుంటూ. "నావే కదా."